బంజరులో పద్దెనిమిది మంది

గెడ్డపేట వాళ్ళు ఆ రోజు దుర్గాభవానికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఊళ్ళోకి వచ్చే దారికి అడ్డంగా ముళ్ళకంప పడేసి ఉంది. ఆమె స్కూటీ దిగి, కంపను పక్కకు ఈడ్చి, అరచేతిలో దిగిన ముల్లు పళ్ళతో లాక్కుని మళ్ళీ బండెక్కింది. రామమందిరం అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను చూడగానే మాటలు ఆపేశారు. వీధి కుళాయి కింద సీసా పెట్టబోతుంటే ఒక ముసలావిడ గబగబా వచ్చి కుళాయి కట్టేసింది.

"ఇది మా ఊరి నీరు. కంపినీ నీరు కంపినీ కాడ తాగు."

"నేను కంపెనీ మనిషిని కాదమ్మా. గవర్నమెంటు సర్వేయర్ని."

"ఏదయితే ఏటి? ఇద్దరూ ఒక్క బండి మీదే వస్తారు కాదేటి?"

భవాని ఖాళీ సీసా సంచిలో వేసుకుని, కొలతలు తీసే రోవర్ కర్ర భుజాన పెట్టుకుని ఊరి పక్క వాగైన గెడ్డ వైపు నడిచింది. సాయానికి రావలసిన మనిషి జ్వరమని పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ ఊరి పేరు చెప్పేసరికి అతనికి జ్వరం వచ్చిందని ఆమెకు అర్థమైంది.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. పుట్టి పెరిగింది ఆమదాలవలసలో. తండ్రి జగన్నాధం రెండెకరాల వరి రైతు. సచివాలయం ఉద్యోగాలు పడినప్పుడు పరీక్ష రాసి గ్రామ సర్వేయరు అయింది. గెడ్డపేటకు బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది. ఇక్కడ ఆమెకు అప్పగించిన మొదటి పెద్ద పని ఇదే. గెడ్డ అవతల నలభై రెండెకరాల ప్రభుత్వ బంజరు ఉంది. అందులో గ్యాసు కోసం కంపెనీ ఒక బావి తవ్వి చూస్తుంది. దానికి ఆరెకరాలు కొలిచి హద్దులు చూపించాలి. ఫైల్లో ఉన్నది అంతే.

మోకాలి లోతు నీళ్ళలో గెడ్డ దాటి ఒడ్డెక్కేసరికి ఆమెకు బంజరు కనపడలేదు.

మనిషి కంటే ఎత్తుగా నార తీసే గోగు పెరిగి ఉంది. దాని పక్కన చోడి, అంటే రాగి చేను, ఆ పక్కన కంది. మడికీ మడికీ మధ్య గట్లు. గట్ల మీద ఏరి పేర్చిన రాళ్ళు, పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో చేతులు ఆడితే తప్ప అన్ని రాళ్ళు పోగుపడవు. ఒకచోట రేకు కింద మోటారు కూడా ఉంది. భవాని ఫైలు తీసి సర్వే నంబరు మళ్ళీ చూసుకుంది. రోవర్ నిలబెట్టి స్క్రీన్ మీద చూసింది. అదే నేల. పొరపాటేమీ లేదు.

"తియ్యి!"

గోగులోంచి వచ్చాడతను. నలభై దాటిన మనిషి, చేతిలో కొడవలి. వస్తూనే రోవర్ కర్ర పట్టుకుని గుంజాడు.

"అన్నా, వదలండి. అది పాడైతే నా జీతంలో పట్టుకుంటారు."

"పట్టుకోనీ. మా బూవి పట్టుకుంటే నేదుగానీ నీ జీతం పట్టుకుంటే వస్తాదేటి ఏడుపు?"

గెడ్డ ఇవతలి వైపు నుంచి మరో పది మంది వచ్చేశారు. వాళ్ళలో ఒక ఆడమనిషి అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి ఉన్నాయి. వేళ్ళకు చోడి మట్టి.

"త్రినాథా, ఆ కర్ర ఒగ్గీ. ఇరిగితే మనమీదే కేసు రాస్తారు," అంది. అతను ఆమె మరిది. అయిష్టంగానే వదిలాడు. ఆమె భవాని వైపు తిరిగింది. "ఏటమ్మా, నీకు ఏటి సెప్పి పంపినారు?"

"ఇది బంజరని చెప్పారు."

"మరి నీ కళ్ళకు ఏటి కనపడతన్నాది?"

"పంట."

"అయితే ఎల్లిపో. ఎల్లి అదే సెప్పు."

ఆమె పేరు లక్ష్మీనరసమ్మ. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. గెడ్డ అవతల ఆమెకు ఉన్నది ఎకరం ముప్పై సెంట్లు. ముప్పయ్యేళ్ళ కిందట గవర్నమెంటు పద్దెనిమిది కుటుంబాలకు అక్కడ సాగు చేసుకోమని డి-పట్టాలు ఇచ్చింది. అప్పుడది నిజంగానే రాళ్ళ నేల. కొత్త సర్వేలో కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఆ పట్టాలు ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఎవరూ చెప్పలేదు. వీళ్ళు రెండుసార్లు అర్జీ పెట్టుకున్నారు. రెండుసార్లూ రసీదు ఇచ్చారు, అంతే.

"నేను చూసింది రాస్తాను," అంది భవాని. "ఎవరి మడి ఎవరిదో చూపించండి. కొలిచి రాసుకుంటాను."

త్రినాథ్ నవ్వాడు. ఆ నవ్వులో స్నేహం లేదు.

"రాసుకుంటాదట! ఒకడు ఇలగే రాసుకోడానికొచ్చినాడు. వదినా, సెప్పు ఈవిడకి ఆ పత్తి సంగతి."

మూడేళ్ళ కిందట విత్తనాల కంపెనీ పేరు చెప్పుకుని ఒక పెద్దమనిషి వచ్చాడట. కలుపు మందు కొట్టినా చావని పత్తి ఇది, జన్యువులు మార్చి చేసింది, కలుపు తీసే పనే ఉండదు అన్నాడట. ఆ విత్తనానికి అనుమతే లేదన్న సంగతి వీళ్ళకు తర్వాత తెలిసింది. నలుగురు రైతుల మడుల్లో వేయించి చూస్తాం, పక్క మడుల వాళ్ళు కూడా ఒప్పుకుంటే మంచిదని ఏమీ రాయని తెల్ల కాగితాల మీద పద్దెనిమిది మంది చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. మందు కొట్టిన రోజు గాలి గెడ్డ వైపు తిరిగింది. పత్తి చావలేదు. చుట్టూ ఉన్న కంది, గోగు మూడు రోజుల్లో ముడుచుకుని నల్లబడిపోయాయి.

"నా కందిసేను మొత్తం పోయినాది," అంది లక్ష్మీనరసమ్మ. "ఫోన్ సేస్తే ఎత్తడు. ఊర్లోకి రాడు. అప్పుడు పత్తి సావదని ఒచ్చి మా పంటని సంపీసినాడు. మొన్న శనివారం అదే మనిసి కారు దిగినాడు. ఈసారి గ్యాసట. అదే తెల్ల సొక్కా, అదే నవ్వు."

"ఎవరాయన?"

"మోహనకృష్ణ."

భవానికి ఆ పేరు తెలుసు. మోహనకృష్ణ గ్యాస్ కంపెనీ తరఫున భూముల పని చూసే అధికారి. ఈ ఫైలు ఆమె బల్ల మీద పెట్టింది అతనే. 'ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు మేడమ్, మీది లాంఛనం' అన్నాడు. ఆమె అక్కడే గట్టు మీద చతికిలబడి ఫైలు చివరి పేజీలు తీసింది. కాగితం పై భాగంలో టైపు చేసి ఉంది. గెడ్డపేట బంజరులో ఆక్రమణదారులుగా ఉన్న మేము స్వచ్ఛందంగా ఖాళీ చేస్తామనీ, బావి తవ్వడానికి మాకు అభ్యంతరం లేదనీ. కింద పద్దెనిమిది పేర్లు, పద్దెనిమిది వేలిముద్రలు. తేదీ పోయిన నెల పదో తారీకు.

ఆఫీసు కాగితం బయటివాళ్ళకు చూపించకూడదని ఆమెకు తెలుసు. అయినా చూపించింది.

"అమ్మా, ఏడో పేరు మీదే. పక్కన ఉన్నది మీ వేలిముద్రేనా?"

లక్ష్మీనరసమ్మ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆమె మొహం ఎర్రబడింది.

"నాను సంతకం నేర్సుకుని రెండేళ్ళయినాది," అంది. "మా పొదుపు సంఘంలో కూకుని నేర్సుకున్నాను. పేరు పెద్దది, బెత్తెడు పొడుగు, అయినా నేర్సుకున్నాను. అప్పట్నుంచీ నాను ఏలు ముంచినానా ఎక్కడయినా? బేంకులో గానీ, రేషన్ కాడ గానీ? పోయిన నెల్లో నానెందుకు యేస్తానే యేలిముద్ర?"

"మరి ఇది?"

"పత్తి కాగితం. ఈ వరస సూడు. ముందు తవిటమ్మ, ఎనకాల మా మరిది, ఆ ఎనకాల... ఆ రోజు మేం నిలబడిన వరస ఇదే. మీద కాళీ జాగాలో ఈ రాత ఇప్పుడు కొట్టించీసినాడు."

గట్టు మీద ఒక్కసారిగా గోల లేచింది. ఆ కోపం అక్కడ లేని మోహనకృష్ణ మీదకు కాక, అక్కడ ఉన్న భవాని మీదకు మళ్ళింది. త్రినాథ్ కాగితం లాక్కోబోయాడు.

"నీ సంచీలోనే ఉన్నాది ఈ దొంగ కాయితం! నీకు తెల్దేటి? నువ్వూ ఆడి మనిసివే. చింపీండిరా దీన్ని!"

భవాని ఫైలును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. అలాగే అరిచింది.

"చింపితే చింపండి! ఇది జిరాక్సు. అసలుది ఆఫీసులో ఉంది. మీ చేతికి అందే సాక్ష్యం ఇదొక్కటే. దీన్నీ చింపేసుకుని రేపు ఏం చూపిస్తారు?"

లక్ష్మీనరసమ్మ మరిదిని చేత్తో వెనక్కి నెట్టింది. "ఫోటోలు తీయండి," అంది. నలుగురు ఫోన్లు తీశారు.

ఆ రోజు పొద్దు వాలేదాకా భవాని పద్దెనిమిది మడులూ కొలిచింది. ఎవరి మడిలో వాళ్ళు నిలబడ్డారు. ప్లాస్టిక్ కవర్లలో, బిస్కెట్ డబ్బాల్లో దాచిన పట్టాలు తెచ్చి చూపించారు, కానీ చేతికివ్వలేదు. దూరం నుంచి పట్టుకుని చూపించారు. ఆమె నంబర్లు చదివి రాసుకుంది. ఒక్కరూ నీళ్ళు తాగుతావా అని అడగలేదు. వెళ్ళేటప్పుడు త్రినాథ్ వెనకనుంచి అన్నాడు.

"తేడా రాసినావంటే మళ్ళీ ఈ ఊర్లోకి రాగలవేమో సూసుకో."

మర్నాడు మండలాఫీసులో డిప్యూటీ తహసీల్దారు ఉదయభాస్కర్ ఆమె రిపోర్టు చదివి బల్ల మీద పడేశాడు. ఎదుటి కుర్చీలో మోహనకృష్ణ కూర్చుని టీ తాగుతున్నాడు. సర్వేయరు రిపోర్టు చదివేటప్పుడు కంపెనీ మనిషి ఆ గదిలో ఎందుకున్నాడని ఆమె అడగలేదు.

"అమ్మా భవానీ, నిన్ను హద్దులు పెట్టమన్నాను. ఊరి చరిత్ర రాయమన్నానా?"

"పొలంలో ఉన్నది రాశాను సార్. పంట, పట్టా నంబరు, సాగుదారు పేరు."

"రికార్డులో బంజరని ఉంది."

"రికార్డులో తప్పుంది సార్."

"అది తేల్చడానికి నువ్వెవరు? రికార్డు తప్పని సర్వేయర్లు అనుకుంటూ పోతే మేమంతా ఇంటికెళ్ళి కూర్చోవాలి. అది బంజరు. అక్కడ ఎవరూ లేరు. ఆ ముక్క రాసి పట్రా."

భవాని ఫైలు చివరి పేజీ తీసి బల్ల మీద పెట్టింది.

"బంజరులో ఎవరూ లేకపోతే, ఖాళీ చేస్తామని ఒప్పుకున్న ఈ పద్దెనిమిది మంది ఎవరు సార్?"

మోహనకృష్ణ టీ కప్పు కింద పెట్టాడు.

"ఇంకోటి సార్. ఆ వేలిముద్రలు మూడేళ్ళ కిందటివని వాళ్ళంటున్నారు."

"అంటే ఆ కాగితం వాళ్ళకు చూపించావన్నమాట." ఉదయభాస్కర్ గొంతు మెత్తబడింది. అరిచినప్పటి కంటే ఇప్పుడే ఆమెకు ఎక్కువ భయమేసింది. "ఆఫీసు ఫైలు బయటివాళ్ళకు చూపించావు. సరే. గురువారం ఊళ్ళో గ్రామసభ ఉంది. ఆర్డీవో గారు వస్తారు. ఆలోపు రిపోర్టు మార్చు. మార్చకపోతే మెమో నేనే టైపు చేస్తాను."

ఆమె స్కూటీ తీస్తుంటే మోహనకృష్ణ నీడలా వచ్చి నిలబడ్డాడు. నవ్వు మొహం అలాగే ఉంది.

"మీ నాన్నగారు జగన్నాధం గారు కదూ? ఆమదాలవలస దాటాక కాలవ పక్కన రెండెకరాలు. మంచి నేల."

"మీకెలా తెలుసు?"

"బావిలో గ్యాసు పడితే గొట్టం వెయ్యాలి కదా మేడమ్. గొట్టం దారి ఇంకా ఖరారు కాలేదు. కాలవకు అటు పోవచ్చు, ఇటు పోవచ్చు. గీత గీసేవాళ్ళతో నేను రోజూ మాట్లాడుతుంటాను. అంతే."

అతను బెదిరించినట్టు కూడా లేడు. వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి తండ్రితో చెప్పింది. నాన్న తన పక్షాన నిలబడతాడనుకుంది. జగన్నాధం వింటున్నంతసేపూ తువ్వాలు నలుపుతూ కూర్చున్నాడు.

"నీకెందుకమ్మా ఆల గొడవ?" అన్నాడు చివరికి. "ఆలు నీ సుట్టాలా? నీకు గుక్కెడు నీళ్ళియ్యని మనుసులు. ఆల కోసం మన మడి మీదకి గొట్టం తెస్తావేటి?"

"వాళ్ళ కోసం కాదు నాన్నా. నేను కొలిచాను. కొలిచింది కొలవలేదని ఎలా రాస్తాను?"

"రాస్తే సరి. ఎవులు రాయట్లేదు? రేపు మన గట్టు మీద జెండాలు పాతితే నువ్వొచ్చి పీకుతావా?"

అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆమెకు తండ్రి మీద కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా, ఆయన అడిగినదానికి తన దగ్గర జవాబు లేకపోవడం బాధ పెట్టింది. రెండుసార్లు కంప్యూటర్ ముందు కూర్చుంది. 'సాగులో లేదు' అని టైపు చేసి చూసింది. చెరిపేసింది. పాత రిపోర్టే మూడు కాపీలు తీసి, ఒకటి ఉదయభాస్కర్ బల్ల మీద పెట్టి, ఒకటి ఆర్డీవో ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపి, ఒకటి తన సంచిలో పెట్టుకుంది.

గురువారం గ్రామసభ బడి వరండాలో పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. ఇద్దరు పోలీసులు కూడా వచ్చారు. ఆర్డీవో మధ్య కుర్చీలో కూర్చుంది. ఆవిడకు కొత్త ఉద్యోగం, మాట తక్కువ. ఆవిడ పక్కన ఉదయభాస్కర్, ఆ పక్కన మోహనకృష్ణ. భవానికి కుర్చీ వెయ్యలేదు. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఊరివాళ్ళు ఆమెను చూసి ఏదో గొణుక్కున్నారు.

ఉదయభాస్కర్ లేచి చదివాడు. భూమి బంజరు. సాగు లేదు. గ్రామ సర్వేయరు స్వయంగా పరిశీలించి ఇచ్చిన నివేదిక ప్రకారం...

"సూసినావా వదినా! నాను సెప్పలేదేటి?" త్రినాథ్ అరిచాడు. "ఓసి దొంగముండా! ఆ రోజంతా మా మడుల్లో తిరిగి కొలిసినావు కదే!"

ఎవరో విసిరిన మట్టిబెడ్డ వచ్చి స్తంభానికి తగిలి చిట్లింది. పోలీసులు లేచారు. భవాని ముందుకు నడిచి ఆర్డీవో ఎదుట నిలబడింది.

"మేడమ్, అది నా రిపోర్టు కాదు. దాని మీద నా పేరుంది, నా సంతకం లేదు చూడండి. నేనిచ్చింది ఇది. మీకు పోస్టులో కూడా పంపాను."

ఆర్డీవో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. ఉదయభాస్కర్ ఏదో అనబోతే చేత్తో ఆగమంది. "సంతకం ఏదండీ దీని మీద?" అని అడిగింది. అతను ఇంకా పెట్టించలేదన్నాడు. "పెట్టించకుండా సభలో ఎలా చదివారు?" అంది. దానికతను మోహనకృష్ణ వైపు చూశాడు.

మోహనకృష్ణ నెమ్మదిగా లేచాడు. "మేడమ్, సాగు ఉందో లేదో పక్కన పెట్టండి. అక్కడ ఉన్నవాళ్ళందరూ ఒప్పుకున్నారు. పోయిన నెల పదో తారీకున నా ఎదురుగా, ఇదే బళ్ళో వేలిముద్రలు వేశారు."

"ఏ యేళప్పుడు?"

లక్ష్మీనరసమ్మ లేచి నిలబడి ఉంది. ఇవాళ ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో ఒక లావుపాటి పుస్తకం.

"మధ్యాన్నం," అన్నాడు మోహనకృష్ణ.

"మధ్యాన్నమా? బాగుంది." ఆమె నడుచుకుంటూ వచ్చి ఆ పుస్తకం ఆర్డీవో ముందు పెట్టింది. "అమ్మా, ఇది మా సంఘం పుస్తకం. పదో తారీకు మధ్యాన్నం మా మీటింగు ఇదే బడి వరండాలో అయినాది. పదమూడు మందిమి ఉన్నాం. ఇదిగో నా సంతకం. దీని ముందు నెల సూడండి, నా సంతకం. ఆ ముందు నెల సూడండి. ఈ పుస్తకంలో రెండేళ్ళ నుంచీ నా యేలిముద్ర ఒక్కటుంటే సూపించమనండి, నా మడి నానే ఈయనకి ఇచ్చీసి పోతాను."

ఆర్డీవో పేజీలు తిప్పింది.

"సంతకం చేసే మనిషి, అదే రోజు, అదే చోట వేలిముద్ర ఎందుకు వేసింది?" అని ఆర్డీవో అడిగింది. ఆ ప్రశ్న ఎవరికో స్పష్టంగా తెలియలేదు, కానీ అందరూ మోహనకృష్ణను చూశారు.

"ఇలాంటి వాళ్ళు కంగారులో..." అని మొదలుపెట్టాడతను.

"ఎలాంటోల్లం?" లక్ష్మీనరసమ్మ అతని మీదకు రెండడుగులు వేసింది. "ఎలాంటోల్లం సెప్పు! నీ పత్తి మందుకి నా సేను మాడిపోతే నీకు ఫోన్ సేసి ఏడిసినాను. నువ్వెత్తలేదు. ఆ రోజు నాను యేసిన ఏలు దాసుకున్నావు. మూడేళ్ళు దాసుకున్నావు. నా ఏలు నీకెందుకురా? తియ్యి అసలు కాయితం, తియ్యి!"

త్రినాథ్ అప్పటికే బల్ల దాటేశాడు. మోహనకృష్ణ కాలర్ పట్టుకుని కిందికి లాగాడు. కుర్చీలు పడిపోయాయి. పోలీసులు ఇద్దర్నీ విడదీసేసరికి తెల్ల చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది. ఆ గోలలో ఆర్డీవో తన కుర్చీలోంచి కదల్లేదు. ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "ఇది నాతో తీసుకెళ్తున్నాను," అని మాత్రం అంది.

విచారణ రెండు నెలలు సాగింది. ఒప్పుకోలు కాగితం చెల్లదని తేల్చారు. పద్దెనిమిది మంది పేర్లూ సాగు రికార్డు అడంగల్లో సాగుదారులుగా ఎక్కాయి. ఉదయభాస్కర్‌ను వేరే మండలానికి పంపారు. మోహనకృష్ణ మీద కేసు పెట్టారు గానీ, అతనిప్పుడు గరివిడి వైపు ఇంకెవరికో భూములు చూస్తున్నాడని చెప్పుకున్నారు. భవానికి మెమో వచ్చింది. ఆఫీసు కాగితాలు బయటివారికి చూపినందుకు సంజాయిషీ చెప్పమని. చూపించిన మాట నిజమే గనక నిజమేనని రాసిచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆపి, ఒడిశా పొలిమేర దగ్గరి ఊరికి బదిలీ చేశారు. జగన్నాధం కూతురితో మాట్లాడుతున్నాడు గానీ, రోజూ సాయంత్రం కాలవ దాకా నడిచి వెళ్ళి మడి గట్టు మీద ఎవరైనా జెండాలు పాతారేమోనని చూసి వస్తున్నాడు.

గెడ్డపేటలో కథ అంతటితో అయిపోలేదు. గ్యాస్ కంపెనీ ఇంకో అధికారిని పంపింది. ఈసారి అతను ఇల్లిల్లూ తిరిగాడు. కాగితాలు తెలుగులో చదివి వినిపించాడు, అయిదేళ్ళ లీజన్నాడు, ఆలోచించుకోమని నెల గడువిచ్చాడు. పద్దెనిమిది మందిలో పదకొండు మంది ఒప్పుకున్నారు. అందరికంటే ముందు సంతకం పెట్టింది త్రినాథ్.

లక్ష్మీనరసమ్మ ఒప్పుకోలేదు. ఆమెతో పాటు ఇంకో ఆరుగురు. వదినకూ మరిదికీ ఆ రోజునుంచీ మాటల్లేవు, తిట్లే ఉన్నాయి.

కొత్త ఊరికి వెళ్ళేముందు భవాని చేసిన ఆఖరి పని ఆ ఇద్దరి మడుల మధ్య హద్దు వెయ్యడం. గోగు కోసేసి కట్టలు కట్టి గెడ్డలో నానవేశారు. నీళ్ళు కంపు కొడుతున్నాయి. త్రినాథ్ ఒక పక్క, లక్ష్మీనరసమ్మ ఒక పక్క నిలబడ్డారు.

"టేపు ఆ కొస నానే పట్టుకుంటాను," అంది లక్ష్మీనరసమ్మ.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

"నేదు. ఆఫీసోల్ల మీద నాకు నమ్మకం నేదు. నీ కొలత మంచిదయింది, అంతవరకే."

భవాని టేపు కొస అందించింది. రాయి పాతే చోట సున్నం చల్లింది. త్రినాథ్ అది తన వైపు జానెడు జరిగిందన్నాడు. లక్ష్మీనరసమ్మ తన వైపు జరిగిందంది. మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ అక్కడికే వచ్చింది.

"ఊరంతా ఒక మాట మీద ఉండి ఉంటే బాగుండేది కదా," అంది భవాని, రాయి చుట్టూ మట్టి తొక్కుతూ. "ఇంత కొట్లాడింది దీనికేనా?"

లక్ష్మీనరసమ్మ ఆమె వైపు కోపంగా చూసింది.

"ఇంకేటి అనుకున్నావు? అడక్కుండా తీసీసుకుంటే కొట్లాడినాను. ఇప్పుడు అడిగినారు. ఆడి బూవి, ఆడు ఔనన్నాడు. ఆడి ఖర్మ. నా బూవి, నాను కాదన్నాను. కానీ ఆడి బావి మట్టి ఒక్క తట్ట నా గట్టు మీద పడనీ, అప్పుడు సెప్తాను."

"నీ గట్టు ఎవుడికి కావాలే?" అన్నాడు త్రినాథ్.

అంతలో గెడ్డ మీద కొత్తగా వేసిన మట్టి దారిన డ్రిల్లింగ్ సామాను లారీ వచ్చింది. వెడల్పాటి లారీ. త్రినాథ్ మడి మలుపు దగ్గర అది తిరగడానికి చోటు చాల్లేదు. ముందు చక్రం లక్ష్మీనరసమ్మ గట్టు ఎక్కితే తప్ప తిరగదు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె వెళ్ళి గట్టు మీద, సరిగ్గా చక్రం రావలసిన చోట నిలబడింది.

"వదినా, కూసింత జరుగు. ఒక్క నిమిషం," అన్నాడు త్రినాథ్. ఆమెతో మామూలు మాట మాట్లాడి అతనికి నెలయింది.

ఆమె కదల్లేదు. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. తర్వాత ఇంజను ఆపి కిందికి దిగాడు. గట్టు చూశాడు, కొత్తగా పాతిన రాయి చూశాడు, చేతులు కట్టుకుని నిలబడిన ఆడమనిషిని చూశాడు. ఏదో తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కాడు. ఆ లారీ వచ్చిన దారినే, వెనక్కి వెనక్కి, మట్టి దారి పొడుగునా పోసాగింది. అది రోడ్డెక్కేదాకా లక్ష్మీనరసమ్మ గట్టు దిగలేదు.